హైదరాబాద్‌లో టూ సీటర్ స్పోర్ట్స్ కారు: నిలబెడితే పాడయ్యే బండి

పైకప్పు ముడుచుకునే రెండు సీట్ల కారు, అంటే పాత బీఎండబ్ల్యూ జెడ్4 కోసమో, మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే కోసమో, పోర్షే బాక్‌స్టర్ కోసమో ఏ కార్ కన్సల్టెన్సీకి వెళ్లినా ముందు వినిపించే మాట ఒకటే: ‘పన్నెండేళ్ల బండి సార్, పద్దెనిమిది వేలే తిరిగింది, షెడ్డు దాటి బయటికే రాలేదు.’ ఆ మాట వినగానే మురిసిపోకండి. పన్నెండేళ్లలో పద్దెనిమిది వేలంటే నెలకు 125 కి.మీ. ఇంజిన్ ఆయిల్ సరిగ్గా వేడెక్కిన రోజులు తక్కువ. రబ్బరు సీళ్లు ఎండిపోయి ఉంటాయి, టైర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుని ఉంటుంది. అరవై వేలు తిరిగి, ఏటా ఆయిల్ మార్చిన బిల్లులున్న బండి ఇంతకంటే నయం.

కొనేముందు

బండి చూడ్డానికి వస్తున్నామని చెప్పి, ఇంజిన్ ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని గట్టిగా చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లటి ఇంజిన్ మొదటి పది సెకన్లలో చేసే శబ్దంలోనే టైమింగ్ చెయిన్ గలగల, మొదటి పొగ రంగు బయటపడతాయి.

టైరు పక్క గోడ మీద డాట్ నంబరులో చివరి నాలుగంకెలు చదవండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనది. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించాలి. ఈ బళ్లలో ముందు టైరు సైజు వేరు, వెనక సైజు వేరు. 2009 తర్వాతి జెడ్4కి 18 అంగుళాల చక్రాల మీద ముందు 225/40, వెనక 255/35. అందుకే ముందువి వెనక్కి మార్చి అరుగుదల సరిచేసే వీలుండదు. వెనక టైర్ల లోపలి అంచును చేత్తో తడిమి చూడండి. బయటినుంచి కొత్తగా కనిపించే టైరు లోపల తీగ తేలే దాకా అరిగి ఉండొచ్చు.

తర్వాత మ్యాట్లు తీసి, కార్పెట్‌ను సీట్ల కిందా సీట్ల వెనకా గట్టిగా నొక్కండి. తడి తగిలినా ముక్కిన వాసన వచ్చినా పైకప్పు మీది నీళ్లు బయటికి పోయే దారులు మూసుకుపోయాయని అర్థం. పాత బాక్‌స్టర్లలో ఇమ్మొబిలైజర్ పెట్టె (సరైన తాళం లేకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వనిది) సీటు కిందే ఉంటుంది. అది తడిస్తే బండి స్టార్టే కాదు.

ఇంజిన్ ఓపెన్ చేసి కాకుండా, బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెట్టి చూడండి. ఎర్రర్ కోడ్‌లు లేవని సంతోషపడే ముందు రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూడాలి. అవి ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తే, మీరు వచ్చే ముందు ఎవరో కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. మీటరులోని కిలోమీటర్లను మిగతా మాడ్యూళ్లలో (బండిలోని చిన్న కంప్యూటర్లలో) నమోదైన కిలోమీటర్లతో పోల్చండి. మీటరు తిప్పేవాళ్లకు అన్ని చోట్లా తిప్పే ఓపిక ఉండదు.

మోడల్‌ని బట్టి జబ్బులు వేరు. 2008 వరకు వచ్చిన బాక్‌స్టర్లలో ఇంజిన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ను మోసే ఐఎంఎస్ బేరింగ్ విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ బేరింగే లేదు. ఈ ఒక్క కారణానికే కొంచెం ఎక్కువ పెట్టి 2009 బండి తీసుకోవచ్చు. జెడ్4 35ఐలోని ఎన్54 ట్విన్ టర్బో ఇంజిన్‌కి హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, ఎలక్ట్రిక్ వాటర్ పంపు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ పేరుమోసిన ఖర్చులు. వీటిలో ఏవి మార్చారో బిల్లులు అడగండి. నోటిమాట లెక్కలోకి రాదు.

1990ల చివర మన దేశంలోనే తయారైన శాన్ స్టార్మ్ దొరికితే లెక్క వేరు. ఫైబర్‌గ్లాస్ బాడీకి తుప్పు పట్టదు కానీ కింద ఉక్కు చట్రానికి పడుతుంది. లిఫ్ట్ మీద ఎక్కించి కిందనుంచి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ముంబయి, ఢిల్లీ బళ్లు చవగ్గా కనిపిస్తాయి. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, లోను తీరితే ఫారం 35, బదిలీకి 29, 30 కావాలి. బండి ఇక్కడికి తెచ్చాక 12 నెలల్లోపు టీజీ నంబరు వేయించుకోవాలి, అప్పుడు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ పడుతుంది. ఆ మొత్తం ముందే లెక్కేసుకోకపోతే చవకబేరం కాస్తా మోయలేని భారమవుతుంది.

మృగశిర లోపు చేయాల్సిన పని

రోహిణి కార్తె ఎండలకు రోళ్లే పగులుతాయంటారు, పైకప్పు సీళ్లెంత? నాంపల్లిలో చేప మందు పంచే రోజు వచ్చేలోగా, అంటే జూన్ మొదటి వారానికి, ఈ పని అయిపోవాలి.

పైకప్పు సగం తెరిచి ఆపండి. అది ముడుచుకునే అరలో కుడి ఎడమ మూలల్లో నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. వేపాకులు, దుమ్ము, మట్టి కలిసి అక్కడ ముద్దకడతాయి. ముందు చేత్తో, తర్వాత వ్యాక్యూమ్‌తో తీసేయండి. గడ్డి కోసే మిషన్‌కి వాడే నైలాన్ తీగను మీటరు పొడవు కోసి, కొసను లైటరుతో కాస్త గుండ్రం చేసి, మెల్లగా తిప్పుతూ లోపలికి పంపండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు. ఆ ఒత్తిడికి లోపలి గొట్టం జాయింటు ఊడితే ఆ తర్వాత వాన నీళ్లు నేరుగా కార్పెట్ కిందికే చేరతాయి. చివరగా అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోసి, బండి కింద రెండు వైపులా ఒకే వేగంతో కారుతున్నాయో లేదో చూడండి. 2003-2008 నాటి గుడ్డ పైకప్పు జెడ్4 ఉన్నవాళ్లు ఈ పని రెండింతలు శ్రద్ధగా చేయాలి. ఆ బండిలో పైకప్పు మోటారు కూర్చునే గుంత మూసుకుంటే మోటారు నీళ్లలో మునుగుతుంది.

సీళ్లకు సిలికాన్ గ్రీజు పల్చగా, గుడ్డతో, మూడు నెలలకోసారి రాయండి. వాసెలీన్, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. గుడ్డ పైకప్పుకి ప్రెషర్ వాష్ వద్దు. మెత్తటి బ్రష్, తేలికపాటి షాంపూ, నీడలో ఆరబెట్టడం, ఏడాదికోసారి వాటర్‌ప్రూఫ్ స్ప్రే చాలు. తడి గుడ్డను మడిచి పెడితే రెండు రోజుల్లో బూజు పడుతుంది. పైకప్పు ఎప్పుడు తెరిచినా ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. పైకప్పు మోటారు బ్యాటరీని గట్టిగా లాగుతుంది. వోల్టేజి పడిపోతే పైకప్పు సగంలో ఆగిపోతుంది, అదీ సరిగ్గా చినుకులు మొదలైనప్పుడే.

సెల్లార్‌లో నీళ్లు చేరే అపార్ట్‌మెంట్ అయితే వానాకాలం నాలుగు నెలలూ బండిని పైన పెట్టుకోండి. చక్రాల మధ్య వరకు నీళ్లు చేరిన బండిని స్టార్ట్ చేయకూడదు. సిలిండరులోకి నీరు వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీ ఆ నష్టాన్ని సాధారణంగా ఇవ్వదు కాబట్టి ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తప్పకుండా తీసుకోండి.

వేడి

బాక్‌స్టర్‌కి ఇంజిన్ మధ్యలో ఉన్నా రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఉంటాయి. బంపర్ రంధ్రాల్లోంచి దూరిన ఆకులు ఏసీ కండెన్సర్‌కి, రేడియేటర్‌కి మధ్య పరుపులా పేరుకుంటాయి. ఏసీ సరిగ్గా చల్లబడకపోవడం, ట్రాఫిక్‌లో టెంపరేచర్ పెరగడం చూసి గ్యాస్ నింపించుకునేవాళ్లు చాలామంది. ఏడాదికోసారి బంపర్ దించి శుభ్రం చేయిస్తే చాలు.

జెడ్4 35ఐలో ఎలక్ట్రిక్ వాటర్ పంపు ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది. టెంపరేచర్ హెచ్చరిక వెలగగానే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి. ‘ఇంటిదాకా మెల్లగా పోదాం’ అంటే సిలిండర్ హెడ్ వంగుతుంది. పంపు మారిస్తే థర్మోస్టాట్ కూడా అప్పుడే మార్చండి, లేబర్ ఒకటే. దాని అల్యూమినియం బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి, పాతవి మళ్లీ బిగిస్తే తల తెగుతుంది. కూలెంట్ కంపెనీ చెప్పిన రకమే, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. నింపాక గాలి తీసే పద్ధతి ఇది: బ్యాటరీకి చార్జర్ తగిలించండి, ఇంజిన్ వేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేయండి, హీటర్ గరిష్ఠ వేడికి, ఫ్యాన్ కనిష్ఠ వేగానికి పెట్టండి, యాక్సిలరేటర్ పది సెకన్లు పూర్తిగా తొక్కి పట్టుకోండి. పంపు సుమారు 12 నిమిషాలు దానంతటదే తిరిగి గాలి బయటికి తోస్తుంది. ఇది తెలియని మెకానిక్ కూలెంట్ పోసి మూత పెట్టేసి పంపిస్తే ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది.

ఇంజిన్ ఆయిల్ ఎన్54కి 6.5 లీటర్లు. కంపెనీ సర్వీస్ సూచిక చూపే దూరం మన ట్రాఫిక్‌కి చాలా ఎక్కువ. 8,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. పెట్రోలు 95 ఆక్టేన్‌కి తగ్గకుండా పోయించండి. ఈ టర్బో ఇంజిన్లు మే నెల ఎండలో అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలుతో నాక్ కొడతాయి (పెట్రోలు వేళకాని వేళ మండి టకటకలాడతాయి), కంప్యూటర్ పవర్ తగ్గించేస్తుంది.

నిలిపి ఉంచే బండి

వారానికోసారి సెల్లార్‌లోనే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. స్టార్టర్ తిన్న కరెంటు బ్యాటరీకి తిరిగి రాదు, సైలెన్సర్‌లో నీరు చేరుతుంది, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తుంది. తీస్తే కనీసం 30-40 నిమిషాలు నడపాలి. ఆదివారం పొద్దున్నే గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రండి, 40 కి.మీ. దాటుతుంది, ఆయిల్ నిజంగా వేడెక్కుతుంది. అక్కడ వేగ పరిమితి గరిష్ఠంగా 120, కెమెరాలున్నాయి.

రెండు వారాలకు మించి నిలబెడితే, ఏజీఎం రకం బ్యాటరీకి తగ్గ మోడ్ ఉండి దాన్ని నిండుగా ఉంచే మెయింటెనర్ చార్జర్ తగిలించండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర చూపాలి, 12.2కి దిగితే సగం ఖాళీ. లాక్ చేసిన గంట తర్వాత కూడా 50 మిల్లీయాంపుల కంటే ఎక్కువ కరెంటు పోతుంటే ఏదో మాడ్యూల్ నిద్రపోవడం లేదు. 2009 తర్వాతి జెడ్4కి కొత్త బ్యాటరీ వేస్తే కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, లేకపోతే పాత బ్యాటరీ లెక్కన చార్జ్ చేసి కొత్తదాన్ని త్వరగా చంపేస్తుంది.

ట్యాంకు నిండుగా ఉంచండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ లాగుతుంది, ఖాళీ జాగా ఎంత తక్కువుంటే అంత మంచిది. టైర్లలో 4 పీఎస్‌ఐ ఎక్కువ గాలి పెట్టండి. కడిగిన వెంటనే హ్యాండ్‌బ్రేక్ వేసి పెట్టొద్దు, బ్రేకులు అంటుకుపోతాయి. చక్రాలకు దిమ్మలు పెట్టండి. ఇక ఎలుకలు: ఏసీ గాలి దారికి సన్న ఇనుప జాలీ వేయించండి. పొగాకు కాడలు పెడితే కొన్నాళ్లు రావు, తర్వాత అలవాటు పడతాయి.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కి దిగుతుంది. అనంతగిరి కొండలు దిగేటప్పుడు బ్రేక్ పెడల్ మెత్తబడేది అందుకే. లీటరు డబ్బా సరిపోతుంది, సీలు తెరిచిన పాత డబ్బా వాడొద్దు. సిలికాన్‌తో చేసిన డాట్ 5 ఇందులో కలవదు. 5.1 అయితే కలుస్తుంది.

స్పీడ్ బ్రేకర్లు

రోడ్ల ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988 నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. కాలనీల్లో వేసేవి మీటరు వెడల్పులో అంతకంటే ఎత్తు. 2019 తర్వాతి జెడ్4 నేలకి 11.4 సెం.మీ. ఎత్తు. ఇద్దరు కూర్చుంటే అదీ తగ్గుతుంది. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా, నడక వేగంతో తీసుకెళ్లండి. సెల్లార్ ర్యాంపు మీద కూడా అంతే. మొహమాటపడకుండా పక్కవాళ్లను దించేయండి. కింద ప్లాస్టిక్ ట్రే స్క్రూలు ఒక్కటి ఊడినా వెంటనే వేయించండి, వేలాడే ట్రే ఓఆర్‌ఆర్ మీద గాలికి మొత్తం చిరిగిపోతుంది. పైగా కొన్ని భాగాలకు గాలి మళ్లించేది అదే.

మార్పులు, ఏది ముందు

పవర్ పెంచడం చివరి పని. మొదటిది టైర్లు. రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే గట్టి టైర్లు) తీసి మామూలు మంచి టైర్లు వేస్తేనే జెడ్4 వేరే బండి అయిపోతుంది. గుంతలు నడుముకి తగలడం సగం తగ్గుతుంది. స్టెప్నీకి జాగా లేదు కాబట్టి పంక్చర్ కిట్, 12 వోల్టుల పంపు డిక్కీలో ఉండాలి. పంక్చర్ షాపులో గన్‌తో బోల్టులు బిగించనీయకండి, టార్క్ రెంచ్ మీ దగ్గరే ఉంచుకోండి: 2019కి ముందు జెడ్4కి 120 న్యూటన్ మీటర్లు, పాత బాక్‌స్టర్‌కి 130.

తర్వాత సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు). పగిలిన కంట్రోల్ ఆర్మ్ బుష్షు మీద చేసిన అలైన్‌మెంట్ నెల కూడా నిలవదు. బుష్షులు కొత్తవి వేశాకే అలైన్‌మెంట్, అదీ డ్రైవర్ సీటులో మీ బరువుతో. రేసింగ్‌కి వాడే గట్టి పాలీయూరిథేన్ బుష్షులు మన రోడ్ల మీద చప్పుడు తప్ప ఏమీ ఇవ్వవు. బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు ఈ ఊళ్లో వద్దే వద్దు.

ఆ తర్వాత బ్రేక్ ప్యాడ్లు. వేశాక ఖాళీ రోడ్డులో 60 నుంచి 15 కి.మీ. వేగానికి ఎనిమిది పదిసార్లు బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా చల్లబరచండి. వేడి డిస్కు మీద ప్యాడ్ అదిమి నిలబెడితే మచ్చ పడి పెడల్ వణుకుతుంది.

ఈసీయూ రీమ్యాప్, అంటే పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, వీటన్నిటి తర్వాతే. స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్లు కొత్తవి వేశాక, ఇన్‌టేక్ గాలి వేడి లాగ్ చూసి, ఎండాకాలానికి తగ్గ మ్యాప్ అడగండి. చలికాలం సాయంత్రం ట్యూన్ చేసిన మ్యాప్ మే నెల మధ్యాహ్నానికి నాక్ కొడుతుంది.

చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని, వివరాలను మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మోత సైలెన్సర్ వేస్తే పోలీసులు ఊడదీస్తారు. రంగు ర్యాప్ వేసినా ఆర్‌సీలో ఎక్కించాలి. చేసిన ప్రతి మార్పూ ఇన్సూరెన్స్ వాళ్లకు రాతలో చెప్పండి, లేకపోతే క్లెయిమ్ రోజున అదే సాకవుతుంది. తీసిన ఒరిజినల్ భాగాలు అమ్మేయకుండా గుడ్డలో చుట్టి, ఏ బోల్టు దేనిదో రాసిన కవర్లతో అటక మీద పెట్టండి. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అవే.