8 బైట్ల టైంస్టాంప్‌ని చదవగలిగే డేట్‌గా మార్చడం

ఐబిఎమ్ వాళ్ళ బిజినెస్ కంప్యూటర్ సిస్టమ్ ఏఎస్400 మీద, అంటే ఇప్పటి ఐబిఎమ్ ఐ మీద, సిస్టమ్ ఏపీఐలు (మన ప్రోగ్రామ్ నుంచి పిలుచుకునే సిస్టమ్ ప్రోగ్రామ్‌లు) చాలావాటిలో టైంస్టాంప్, అంటే తేదీ, సమయం కలిపిన విలువ, 8 బైట్ల బైనరీగా వస్తుంది, స్క్రీన్ మీద చూస్తే పిచ్చి క్యారెక్టర్లు కనిపిస్తాయి, డేటా పాడైందని కంగారు పడకండి. దాన్ని విప్పడానికి సొంతంగా లెక్కలు కట్టక్కర్లేదు, క్యూడబ్ల్యూసిసివిటిడిటి అనే ఏపీఐ ఉంది, ఇన్‌పుట్ ఫార్మాట్ స్టార్ డిటిఎస్ (స్టార్ అంటే * గుర్తు), అవుట్‌పుట్ ఫార్మాట్ స్టార్ వైవైఎండి ఇస్తే 17 క్యారెక్టర్లు వస్తాయి, ముందు 8 డేట్, తర్వాత 6 టైం, చివరి 3 మిల్లీసెకన్లు. ఫార్మాట్ పేరు పెట్టే వేరియబుల్ 10 క్యారెక్టర్లు ఉండాలి, ఇది మాత్రం మర్చిపోకండి.

ఇక 1240315 లాంటి 7 అంకెల డేట్ అయితే ఇంకా తేలిక. మొదటి అంకె శతాబ్దం, 0 అంటే 1900లు, 1 అంటే 2000లు. దానికి 19000000 కలిపితే చాలు, 20240315 వచ్చేస్తుంది, 0991231 అయినా సరిగ్గా 19991231 అవుతుంది, నాకైతే ఈ కూడిక భలే నచ్చుతుంది. ఈ సిస్టమ్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్‌పీజీలో డేట్ ఫంక్షన్‌కి స్టార్ సివైఎండి ఇచ్చినా పనవుతుంది కానీ ఫీల్డ్ విలువ మొత్తం సున్నా అయితే ప్రోగ్రామ్ ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది, అందుకే ముందుగా విలువ సున్నానేమో చెక్ పెట్టండి.