ప్రయోగశాల గాజుసామానుకూ స్టీలు ట్యాంకులకూ డిటర్జెంటును ఎంచుకోవడం

డిటర్జెంటు కొనే ముందు చూడవలసింది డబ్బా మీది పేరును కాదు, పాత్రకు అంటుకున్న మడ్డిని. నూనెలు, కొవ్వులు, ప్రోటీన్లు క్షారగుణం గల డిటర్జెంటుకు లొంగుతాయి. సున్నపు పొర, లోహ లవణాలు, తుప్పు వదలాలంటే ఆమ్లగుణం గలది కావాలి. డెయిరీలు రెండింటినీ వాడడానికి కారణం ఇదే. అక్కడ కొవ్వునూ ప్రోటీన్లనూ వేడి కాస్టిక్ సోడా ద్రావణంతో తొలగించి, మధ్యలో నీళ్లతో కడిగి, పాలు వేడెక్కే ప్లేట్ల మీద పేరుకున్న కాల్షియం పొరను పలుచని నైట్రిక్ ఆమ్లంతో కరిగిస్తారు. రక్తం అంటిన పరికరాలను ముందుగా చన్నీళ్లతోనే కడగాలి, ఎందుకంటే వేడినీళ్లు తగిలితే అందులోని ప్రోటీన్ గడ్డకట్టి మరింత పట్టుకుంటుంది. ఆ తరువాత ఎంజైమ్ డిటర్జెంటు వాడవచ్చు గానీ, తయారీదారు చెప్పిన వేడిని మించితే ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది.

మడ్డిని వదిలించేది పాత్రను తినేయకూడదు. గాఢ క్షారం అల్యూమినియాన్ని కరిగిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు క్షారంతో పేచీ లేదు, కానీ బ్లీచింగ్ ద్రావణాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం దానిపై సన్నని తుప్పు గుంటలు వేస్తాయి. వేడి క్షారంలో ఎక్కువసేపు నానబెడితే గాజు కూడా అరిగిపోతుంది కాబట్టి, కొలతే ప్రాణమైన పిపెట్లకూ వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులకూ సౌమ్యమైన డిటర్జెంటే తగినది.

చేత్తో కడిగేటప్పుడు నురుగుతో ఇబ్బంది లేదు. వాషింగ్ యంత్రంలో, ద్రావణాన్ని పైపుల్లో తిప్పి ట్యాంకును కడిగే పద్ధతిలో మాత్రం నురుగు పంపు ఒత్తిడిని తగ్గించి, శుభ్రతను చెడగొడుతుంది. అక్కడ తక్కువ నురుగు వచ్చే రకమే తీసుకోవాలి. బోరునీళ్లు వాడేచోట కాల్షియాన్ని బంధించే పదార్థం ఉన్న డిటర్జెంటును ఎంచుకోవాలి.

ఇంట్లో బట్టలకు వాడే పొడిని ప్రయోగశాలలోకి తేవడం పొదుపుగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అది పొదుపు కాదు. అందులో ఉండే సువాసన పదార్థాలు, అతినీలలోహిత కాంతిలో మెరిసే తెల్లదనపు రంగులు గాజుకు అంటి ఉంటే ఫ్లోరెసెన్స్ కొలతలు, అంటే పదార్థం వెలువరించే కాంతిని కొలిచే పరీక్షలు, తప్పుతాయి. ఫాస్ఫేట్‌ను కొలిచే చోట ఫాస్ఫేట్ గల డిటర్జెంటు పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. మందుల కర్మాగారాలైతే మరో మెట్టు ఎక్కాలి: కడిగాక ట్యాంకులో డిటర్జెంటు ఎంత మిగిలిందో నిరూపించవలసి ఉంటుంది కనుక, దానిలోని పదార్థాలనూ, అవశేషాన్ని గుర్తించే పరీక్షనూ చెప్పలేని సరఫరాదారు దగ్గర ఎంత చవకైనా కొనరాదు.

నమూనా తెప్పించుకుని, అసలు మడ్డి మీదే పరీక్షించండి. కుళాయినీళ్లతోనూ, చివర స్వేదనజలంతోనూ కడిగిన గాజు మీద నీరు తెగని పొరగా జారాలి. బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా మిగిలే ఉంది. అప్పుడు కూడా గాజు మీది జిడ్డు వదిలించే పాతకాలపు మందైన క్రోమిక్ ఆమ్లం జోలికి వెళ్లవద్దు, అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. బ్లీచింగ్ ద్రావణాన్ని ఏ ఆమ్లపు డిటర్జెంటుతోనూ కలపకండి. కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.