మూడు శాతం లక్ష్యం: ఐరోపా దేశాల పరిశోధన ఖర్చును లెక్కగట్టే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప యూనివర్సిటీల్లో సైన్స్ పాలసీ మీద పీహెచ్‌డీ చేస్తూ ఐరోపా అధ్యాయం రాస్తున్నారా? తాజా ఏడాది అంకెలు దించుకుని, పెద్దవి పైన, చిన్నవి కింద పేర్చి ర్యాంకులు వేస్తే వైవాలో ఆ పట్టిక నిలబడదు. ఏ దేశం ఎక్కడ మొదలుపెట్టింది, ఎంత వేగంతో కదులుతోంది అన్నది తేలాలి.

ముందు లక్ష్యం సంగతి. పరిశోధన, అభివృద్ధి ఖర్చు 2010కల్లా జీడీపీలో 3 శాతానికి చేరాలని, అందులో మూడింట రెండు వంతులు ప్రైవేటు రంగం పెట్టాలని 2002లో బార్సిలోనాలో ఐరోపా నేతలు అనుకున్నారు. ఆ గడువు దాటింది, తర్వాతి 2020 గడువూ దాటింది. యూరోపియన్ యూనియన్ మొత్తం ఇంకా 2.2 శాతం దగ్గరే ఉంది. చేరకపోతే జరిమానా లేదు. పైగా ఏ దేశానికి ఆ దేశం సొంత అంకె పెట్టుకుంది: 2020కి స్వీడన్, ఫిన్లాండ్ 4 శాతం అన్నాయి, సైప్రస్ 0.5 శాతంతో సరిపెట్టుకుంది. అందుకే పట్టికలో ఉమ్మడి లక్ష్యానికి ఒక గడి, సొంత లక్ష్యానికి ఒక గడి ఉంచండి.

అంకెలు యూరోస్టాట్ (యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ) సైట్‌లో ఉచితం. అసలు తలనొప్పి దించుకున్నాక మొదలవుతుంది. టీఎస్‌వీ ఫైల్‌లో (గడుల మధ్య ట్యాబ్ ఉండే పట్టిక ఫైల్) అంకె పక్కనే, అదే గడిలో, ఒక అక్షరం ఉంటుంది: ‘బి’ అంటే లెక్కించే పద్ధతి ఆ ఏడాది మారింది, ‘పి’ అంటే తాత్కాలికం, ‘ఇ’ అంటే అంచనా. ఎక్సెల్ దాన్ని అంకెగా కాక అక్షరాలుగా చదువుతుంది, సగటులో కలపదు, తప్పని చెప్పదు కూడా. సీఎస్‌వీ రూపంలో (గడుల మధ్య కామా ఉండే ఫైల్) దించుకుంటే విలువ ఒక నిలువు వరుసలో, గుర్తు ఇంకో నిలువు వరుసలో వస్తాయి. అదే మేలు. గుర్తుల వరుసను మాత్రం చెరిపేయొద్దు. గ్రీసు కోడ్ అక్కడ ‘జీఆర్’ కాదు, ‘ఈఎల్’. వేరే సంస్థ డేటాతో జతచేసేటప్పుడు గ్రీసు మాయమైందంటే కారణం ఇదే.

ఇక లెక్క. ఒక దేశం 2010లో 1.60, 2022లో 2.08 శాతం ఖర్చు పెట్టిందనుకోండి. 12 ఏళ్లలో పెరిగింది 0.48, అంటే ఏడాదికి 0.04. మూడుకు ఇంకా 0.92 తక్కువ. ఇదే నడకైతే 23 ఏళ్లు, అంటే 2045. ప్రతి దేశానికీ ఈ చివరి అంకె రాస్తే ర్యాంకుల పట్టిక చెప్పని విషయం బయటపడుతుంది. మధ్యలో ‘బి’ గుర్తు ఉంటే ఆ ఏడాది నుంచే కొత్తగా మొదలుపెట్టాలి. వర్షాధారం వేరుశనగ దిగుబడినీ బోరు కింద దిగుబడినీ ఒకే గాటన కట్టం కదా.

శాతం కదిలిందంటే ఖర్చు కదిలిందని కాదు. బహుళజాతి కంపెనీలు ఆస్తులను ఐర్లాండ్‌కు మార్చడంతో 2015లో ఆ దేశ జీడీపీ ఒక్కసారిగా దాదాపు నాలుగో వంతు ఉబ్బింది, పరిశోధన శాతం పడిపోయింది. ప్రయోగశాలల్లో ఏమీ ఆగిపోలేదు. 2020లో తిరగబడింది: కొవిడ్‌తో జీడీపీ కుంగింది, ఖర్చు పెరగకుండానే శాతం పెరిగింది. అందుకని తలసరి యూరోల లెక్కను పక్కనే వేసి చూడండి. రెండూ ఒకే దిక్కుకు పోతేనే ‘పురోగతి’ అని రాయండి. ఈయూ సగటు కూడా మొత్తం ఖర్చును మొత్తం జీడీపీతో భాగిస్తే వచ్చేది. 27 దేశాల శాతాలు కూడి 27తో భాగిస్తే మాల్టాకూ జర్మనీకీ ఒకే బరువు ఇచ్చినట్టు.

డబ్బు కాని లక్ష్యాలకు ఒక్క ఉదాహరణ చాలు. పరిశోధనలో మహిళల వాటాకు యూరోపియన్ కమిషన్ ‘షీ ఫిగర్స్’ నివేదిక మూడేళ్లకోసారి వస్తుంది. 2018 లెక్కలో అత్యున్నత ప్రొఫెసర్ స్థాయిలో మహిళలు దాదాపు 26 శాతం. యూనివర్సిటీలకు లింగ సమానత్వ ప్రణాళిక కాగితం మీద ఉందా అన్నది ఒక ప్రశ్న, ఈ శాతం పెరిగిందా అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ కలిపి ఒక మార్కు వేయడం, మా దృష్టిలో, పట్టికను పాడుచేయడమే. లక్సెంబర్గ్ లాంటి చిన్న దేశాల్లో నలుగురు రిటైరైనా శాతం ఊగుతుంది, కాబట్టి అక్కడ తలల సంఖ్య కూడా రాయండి.

యూరోస్టాట్ పాత ఏళ్ల అంకెల్ని కూడా సవరిస్తుంది. దించుకున్న తేదీని ఫైల్ పేరులోనే పెట్టుకోండి, మూల ఫైల్‌ను ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి. థీసిస్ ఇచ్చే ముందు మళ్లీ దించి, మారిన గడుల్ని మాత్రం సరిచూసుకుంటే సరిపోతుంది.