లైనక్స్‌లో పాటలు నాణ్యంగా వినాలా? ముందు శాంపిల్ రేటు సరిచేయండి

కొత్త డ్యాక్ (ఫైల్‌లోని అంకెలను శబ్దంగా మార్చే పెట్టె) కొన్నాను, అయినా తేడా తెలియట్లేదు అనేవాళ్లను నేను ఒక్కటే అడుగుతాను: పాట ఏ శాంపిల్ రేటులో, అంటే సెకనుకు ఎన్ని శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన అంకెల) లెక్కన బయటికి వెళ్తోందో చూశారా? చూడరు. వేలు పోసి పెట్టె కొంటారు గానీ నాలుగు లైన్ల సెట్టింగ్ జోలికి మాత్రం పోరు.

సామాను సంగతి చిన్నదే. యూఎస్‌బీ డ్యాక్, వైరున్న హెడ్‌ఫోన్, నాణ్యత పోకుండా కుదించిన ఫ్లాక్ ఫైళ్లు. డ్యాక్‌కి మామూలుగా డ్రైవర్ అక్కర్లేదు, గుచ్చితే చాలు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చుకుని మురిసిపోకండి, పోయింది పోయినట్టే, పెరిగేది ఫైల్ సైజే. ప్లేయర్‌గా స్ట్రాబెరీ పెట్టుకోండి. ఇంకా చాలా ఉన్నాయి, వాటితో మనకు పనిలేదు.

టెర్మినల్ తెరిచి ఏప్లే అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్, చిన్న ఎల్ కొట్టండి. డ్యాక్ పేరు, కార్డు నంబరు కనిపిస్తాయి. ఆ నంబరు గుర్తుంచుకోండి. అక్కడే ఆల్సామిక్సర్ అని కొట్టి, ఎఫ్6 నొక్కి అదే కార్డు ఎంచుకోండి. ఏ గీత కిందైనా రెండు ఎమ్‌లుంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, ఎమ్ మీట నొక్కితే పోతుంది.

ఇక అందరూ బోర్లాపడే చోటు. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లుంటాయి. లైనక్స్ రకాల్లో ఫెడోరా 34 నుంచీ, ఉబుంటు 22.10 నుంచీ శబ్దం పని చూసేది పైప్‌వైర్ అనే ప్రోగ్రాం. మనం ఏమీ చెప్పకపోతే అది ప్రతిదాన్నీ 48,000కి మార్చి పంపుతుంది. అంటే 147 శాంపిళ్లు ఉన్నచోట లెక్కగట్టి 160 తయారుచేస్తుంది. బాలమురళీకృష్ణ కచేరీ సీడీ అయినా సరే, తంబురా శ్రుతితో సహా అంతా ఆ లెక్కలోంచి దూరి రావాల్సిందే. నిజం చెప్పాలంటే పైప్‌వైర్ ఈ పని బాగానే చేస్తుంది, చాలామంది చెవికి తేడా అందదు. అయినా ఉన్నది ఉన్నట్టు పంపే వీలుండగా మార్చడం దేనికి?

హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే డాట్ కాన్ఫిగ్‌లోకి వెళ్లండి. అందులో పైప్‌వైర్ ఫోల్డర్, దాని లోపల పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డి అనే ఫోల్డర్ ఉండాలి, లేకపోతే మీరే చేయండి. అక్కడ కొత్త ఫైల్ తెరవండి. పేరు ఏదైనా పెట్టుకోండి, చివర మాత్రం డాట్ కాన్ఫ్ అని ఉండి తీరాలి. అది మర్చిపోతే ఆ ఫైల్‌ను ఎవరూ చదవరు, మీరేమో రాత్రంతా తల పట్టుకుంటారు. లోపల కాంటెక్స్ట్ డాట్ ప్రాపర్టీస్ అని రాసి, సమానం గుర్తు పెట్టి, ఫ్లవర్ బ్రాకెట్ తెరవండి. కింది లైన్‌లో డిఫాల్ట్ డాట్ క్లాక్ డాట్ అలౌడ్ హైఫన్ రేట్స్ అని రాసి, సమానం పెట్టి, స్క్వేర్ బ్రాకెట్లలో 44100 48000 88200 96000 అని మధ్యమధ్య ఖాళీ వదులుతూ రాయండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే. తర్వాత ఫ్లవర్ బ్రాకెట్ మూసేయండి. మీ డ్యాక్ ఒప్పుకునే రేట్లే రాయాలి, ఎక్కువ రాస్తే గొప్పేమీ కాదు.

యూఎస్ఆర్ ఫోల్డర్‌లో ఉండే పైప్‌వైర్ అసలు ఫైల్‌ను సూడో (అడ్మిన్ అధికారం ఇచ్చే కమాండ్) పెట్టి దిద్దకండి. తర్వాతి అప్‌డేట్‌కి మీ మార్పులన్నీ కొట్టుకుపోతాయి. అదే పనిగా చెబుతున్నా వినరు.

లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. సీడీ నుంచి తీసిన పాట పెట్టి, అది మోగుతుండగానే చూడాలి. ప్రాక్ ఫోల్డర్‌లో ఏసౌండ్, అందులో కార్డ్ అన్న మాట పక్కనే మీ నంబరున్న ఫోల్డర్, అందులో పీసీఎమ్0పీ, దాని లోపల సబ్0. అక్కడి హెచ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ పారమ్స్ ఫైల్‌ను టెర్మినల్‌లో క్యాట్ కమాండ్‌తో చదవండి. రేట్ అన్నచోట 44100 ఉంటే పని అయినట్టే. క్లోజ్డ్ అని వస్తే ఆ కార్డులోంచి పాట వెళ్లడం లేదని అర్థం. చెవితో పరీక్షించకండి, కొత్త వస్తువు కొన్న చెవి ఏదైనా వింటుంది.

ఇంకా 48000 అనే ఉందా? ఫైల్‌ను తిట్టుకోకముందు బ్రౌజర్ మూయండి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడే పైప్‌వైర్ రేటు మారుస్తుంది. వెనకాల ఏదో వీడియో నడుస్తుంటే, ఒక్కోసారి పాజ్‌లో పెట్టిన ట్యాబ్ ఉన్నా, అది కదలదు. ఎవరు పట్టుకుని కూర్చున్నారో పీడబ్ల్యూ హైఫన్ టాప్ అని కొడితే పేర్లతో సహా తెలుస్తుంది. ఆ ప్రోగ్రాం మూసి, పాట ఆపి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ పెట్టండి.

ఇదంతా ఎందుకు, పైప్‌వైర్‌ను పక్కనపెట్టి ప్లేయర్‌ను నేరుగా ఆల్సాకే (లైనక్స్‌లో సౌండ్ కార్డులను నడిపే భాగానికే) కలిపేయొచ్చు కదా అనే పండితులున్నారు. కలపొచ్చు. పాట మోగుతున్నంతసేపూ డ్యాక్ ఆ ప్లేయర్ చేతిలోనే ఉంటుంది, మధ్యలో అమెరికా నుంచి అమ్మాయి వీడియో కాల్ చేస్తే అదే హెడ్‌ఫోన్‌లో మాట వినపడదు. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి అది పనికిరాదు.

చివరగా వాల్యూమ్. ప్లేయర్‌లో, సిస్టమ్‌లో 100 దగ్గర వదిలేసి, డ్యాక్‌కి ఉన్న నాబ్‌తోనే తగ్గించుకోండి. ప్లేయర్‌లో తగ్గిస్తే శాంపిళ్ల అంకెలు మళ్లీ మారతాయి, పడ్డ శ్రమంతా వృథా. ఈక్వలైజర్ ఆపేయండి. పాట పెట్టేముందు మాత్రం నాబ్ కింద దాకా తిప్పి ఉందో లేదో చూసుకోండి, 100 దగ్గర చెవులు దిమ్మెక్కిపోతాయి.