బెన్నీ ఆండర్సన్ సంగీతాన్ని ఏ వరుసలో వినాలి?

స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' పేరు చెప్పగానే చాలామందికి గాయనులు అగ్నెతా, ఫ్రిడాల గొంతులే గుర్తుకు వస్తాయి. ఆ గొంతుల వెనుక పియానో ముందు కూర్చున్న బెన్నీ ఆండర్సన్‌ను వినదలచినవారు ప్రసిద్ధమైన పాటలతో కాక, 2017లో వచ్చిన 'పియానో' ఆల్బమ్‌తో మొదలుపెట్టడం మంచిది. తన పాత బాణీలను ఆయన ఒక్కరే వాయించిన ఆ ఆల్బమ్‌లో మాటలూ లేవు, డ్రమ్స్ కూడా లేవు. మొదటిసారి రాగం కోసం, రెండోసారి ఎడమ చేయి చేసే పని కోసం వినండి.

ఆ తరువాత ఆయన బాల్యంలోకి వెళ్లాలి. 1946 డిసెంబరు 16న స్టాక్‌హోమ్‌లో పుట్టిన బెన్నీ, ఆరేళ్ల వయసులోనే తండ్రి, తాతల దగ్గర అకార్డియన్ నేర్చుకున్నారు. పదేళ్లకు ఇంటికి పియానో వచ్చింది. అకార్డియన్ మనకు అంత పరిచయం లేకపోయినా, హార్మోనియం విన్న చెవికి అది కొత్త కాదు. రెండింటిలోనూ తిత్తి గాలికి రీడ్లు (పలుచని లోహపు పలకలు) కంపించడం వల్లనే స్వరం పలుకుతుంది. ఆయన అకార్డియన్‌పై నేర్చుకుంటూ పెరిగిన స్వీడిష్ జానపద నాట్య సంగీతం ఎలా ఉంటుందో తెలియాలంటే, 2001లో ఆయన ప్రారంభించిన సొంత ఆర్కెస్ట్రా రికార్డులు రెండు మూడు వింటే చాలు. 1964లో చేరిన 'హెప్ స్టార్స్' బృందం నుంచి, తొలినాటి సొంత రచన 'సన్నీ గర్ల్' ఒక్కటి వినండి. 1966లో పరిచయమై, తరువాత అబ్బాలో సహచరుడైన బ్యోర్న్ ఉల్వేయస్‌తో కలిసి పాటలు కట్టడం మొదలైన తరువాతే అసలు విశేషమంతా ఉంది.

ఇప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని 1976 నాటి అబ్బా పాట 'డాన్సింగ్ క్వీన్' వినండి. పియానో మెట్ల మీద వేలు జారుతుంది. వెంటనే పాట పల్లవి రెండో సగంతో అందుకుంటుంది. పల్లవితో మొదలయ్యే పాటలకు అలవాటుపడిన మనకు ఇందులో వింత కనిపించదు గాని, చరణంతో మొదలయ్యే పాశ్చాత్య పాప్ పాటల మధ్య ఇది సాహసమే. గాయనులు ఊపిరి తీసుకునే ప్రతి సందులోనూ పియానో ఏం చెబుతోందో గమనించండి. ఆ నాదం అంత చిక్కగా ఉండటానికి సౌండ్ ఇంజనీరు మైకేల్ ట్రెటోవ్ కూడా కారణం: వాద్యాలను ఒకసారి రికార్డు చేసి, టేపు వేగాన్ని రవ్వంత మార్చి, వాటినే మళ్లీ వాయించి మొదటిదానిపై కలిపేవారు.

1980 నాటి 'ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్'ను బ్యోర్న్, అగ్నెతాల విడాకుల కథ కోసం వినేవారే ఎక్కువ. ఆ మాటలు బ్యోర్న్‌వి. మీరు మాత్రం పై నుంచి కిందికి దిగే ఆ చిన్న పియానో పలుకును పట్టుకోండి. దాదాపు రెండే రెండు సంగీత వాక్యాలు తిరిగి తిరిగి వచ్చినా పాట విసుగు పుట్టించదు. బాణీ కట్టేటప్పుడు బెన్నీ, బ్యోర్న్ దాన్ని టేపులో భద్రపరచుకునేవారు కారు; మరునాటికి గుర్తుండని బాణీని వదిలేసేవారు. అంత సులువుగా మనసులో నిలిచే బాణీలు మిగలడానికి ఆ వడపోతే కారణమని నా అభిప్రాయం.

1984 నాటి సంగీత నాటకం 'చెస్'ను, 2021లో దాదాపు నలభై ఏళ్ల విరామం తరువాత వచ్చిన అబ్బా ఆల్బమ్ 'వాయేజ్'ను వీలున్నప్పుడు వినవచ్చు. అమెరికాకు వలస వెళ్లిన స్వీడిష్ రైతు కుటుంబం కథతో 1995లో మాల్మోలో ప్రదర్శించిన సంగీత నాటకం 'క్రిస్టీనా'ను మాత్రం చివరికి ఉంచుకోండి. అది స్వీడిష్ భాషలో ఉంది, మూడు సీడీల నిడివి. కథాసారాంశం ముందుగా చదువుకుని, రోజుకొక సీడీ చొప్పున వినండి.