వీడియో రిలే కాల్ నేర్చుకుందాం – 3వ పాఠం: ఫోన్ ఎత్తినవారి వైపు

వీడియో రిలే అంటే, బధిరులు వీడియోలో సైగలతో చెప్పింది ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లో మాటల్లో చెప్పడం, అవతలివారి మాటల్ని తిరిగి సైగల్లో చూపడం. పోయిన పాఠంలో బధిరుల వైపు పని చూశాం: పది అంకెల నంబరుకు నమోదు, కెమెరా ముందు వెలుతురు. ఈసారి అవతలి వైపు. మీరు అమెరికాలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉన్నారనుకోండి. ఫోన్ ఎత్తగానే ఒక ఆడగొంతు, ఇది వీడియో రిలే కాల్ అనీ, తాను సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ననీ గబగబా చెప్పేస్తుంది.

నా మొదటి కాల్‌ని నేను అక్కడే కట్ చేశాను. ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లనుకున్నా. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశా. మూడోసారి మా మేనేజర్ ఎత్తారు. ఆ రోజు నాకు పడ్డ అక్షింతల ఫలితమే ఈ పాఠం.

1990 నాటి ఏడీఏ (అమెరికా వికలాంగుల హక్కుల చట్టం) కింద ఉన్న నిబంధనల ప్రకారం రిలే కాల్‌ని మామూలు కాల్‌లాగే తీసుకోవాలి. బిల్లు మీకూ రాదు, చేసినవారికీ రాదు. ఫోన్ కంపెనీలు కట్టే నిధి నుంచి ఆ ఖర్చు వెళ్తుంది.

ఇప్పుడు అసలు మెళకువ. మీరు మాట్లాడేది ఇంటర్‌ప్రెటర్‌తో కాదు, పేషెంటుతో. "ఆయన పుట్టిన తేదీ అడగండి" అనకండి, "మీ పుట్టిన తేదీ చెప్పండి" అనండి. రికార్డులో మగ పేరు, ఫోన్‌లో ఆడగొంతు: ఇక్కడే చాలామంది మోసమేమోనని జడుస్తారు. అందరినీ అడిగే గుర్తింపు ప్రశ్నలే అడగండి, ఒక్కటీ ఎక్కువ వద్దు. మూడో మనిషి వింటున్నారే, వివరాలు చెప్పొచ్చా అన్న అనుమానమూ వద్దు. దీనికి హిపా (పేషెంట్ల వివరాల గోప్యత కాపాడే అమెరికా చట్టం) అడ్డు కాదు. విన్నది బయటపెట్టకూడదన్న కట్టడి ఇంటర్‌ప్రెటర్ మీద ఉంది.

మీ మాట అయ్యాక కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఓపిక పట్టండి. ఫోన్‌లో వినబడే ప్రతిదీ సైగల్లో చెప్పడం వాళ్ల పని, మీరు పక్కవాళ్లతో విసుక్కున్నది కూడా. తెలుగులో గొణిగితే తప్పించుకోవచ్చనుకునేరు. ఇంకో భాషలో ఏదో అంటున్నారని చెప్పేస్తారు.

మన పేర్లతో ఇంకో తంటా. మీ డాక్టరు సత్యనారాయణ గారైతే, ఆ పేరును ఇంటర్‌ప్రెటర్ ఒక్కో అక్షరంగా వేళ్లతో చూపాలి. స్పెల్లింగ్ మూడేసి అక్షరాలకు ఆగుతూ చెప్పండి. మందుల పేర్లకీ అంతే.

ఒకటి మాత్రం మరవకండి. పేషెంటు వచ్చి మీ ఎదురుగా కూర్చున్నాక రిలే పనికిరాదు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ఆ సేవ వాడకూడదు. అక్కడ ఇంటర్‌ప్రెటర్ కావాలంటే క్లినిక్కే తన ఖర్చుతో ఏర్పాటు చేయాలి. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే అడిగి రాసుకోండి, ఆ రోజు పొద్దున వెతుక్కుంటే దొరకరు.

అభ్యాసం: ముగ్గురు కూర్చోండి. ఒకరు నోరు విప్పకుండా కాగితం మీద రాయాలి, రెండోవారు దాన్ని "నేను" అంటూ చదవాలి, మూడోవారు ఇద్దరికీ వీపు పెట్టి రిసెప్షన్ నడపాలి. ఒక అపాయింట్‌మెంట్ తేదీ మార్చండి. "ఆయన్ని అడగండి" అని నోరు జారితే మళ్లీ మొదటి నుంచి. మాకు నాలుగోసారికి కుదిరింది.

వచ్చే పాఠం: 911కి (అమెరికాలో అత్యవసర నంబరు) రిలే కాల్, ముందే నమోదు చేసి ఉంచాల్సిన అడ్రసు.