ఇంటి క్యాసెట్లలోని పాటలను కంప్యూటరులోకి ఎక్కించడం, జాగ్రత్తగా పంచుకోవడం

పేరంటాళ్లు పాడిన మంగళహారతులు, అమ్మమ్మల జోలపాటలు, రామమందిరంలో ఊరివాళ్లు చేసిన భజనలు 1980, 90 దశకాల్లో ఎన్నో తెలుగు ఇళ్లలో క్యాసెట్లకు ఎక్కాయి. అంగట్లో కొన్న క్యాసెట్ పోతే మరొకటి దొరకవచ్చు గానీ, ఇంట్లో రికార్డు చేసినదానికి సాధారణంగా రెండో ప్రతి ఉండదు. అందువల్ల ఈ పనిని రెండు వేర్వేరు పనులుగా చూడాలని నా అభిప్రాయం. టేపులో ఉన్నదాన్ని కాపాడడం వీలైనంత త్వరగా జరగాలి. దాన్ని నలుగురికీ వినిపించడం మాత్రం, పాడినవారిని అడిగిన తరువాతే జరగాలి.

ముందుగా క్యాసెట్‌ను వెలుతురులో పట్టుకొని చూడాలి. టేపు కనిపించే అంచుకు ఎదురుగా ఉన్న అంచులో, రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున కూడా ఆ క్యాసెట్‌పై మళ్లీ రికార్డు కాదు. టేపు చుట్టపై తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని ప్లేయరులో పెట్టకూడదు, ఎందుకంటే ఆ బూజు హెడ్‌కు (టేపుకు తగిలి దానిలోని శబ్దాన్ని చదివే భాగానికి) అంటుకొని తరువాత పెట్టే క్యాసెట్లకూ చేరుతుంది. సముద్ర తీరపు ఊళ్లలో, తేమ ఎక్కువగా ఉండే ఇళ్లలో దాచినవాటిని ఈ విషయంలో మరింత జాగ్రత్తగా చూడాలి. తెగిన టేపును మామూలు సెల్లోటేపుతో అతికిస్తే దాని జిగురు కొన్నాళ్లకు పక్క చుట్లకు పాకుతుంది. ఈ పనికోసమే తయారైన స్ప్లైసింగ్ టేపు వాడాలి. ఏళ్ల తరబడి కదలని క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి, తిరిగి మొదటికి తెచ్చిన తరువాత వినడం మంచిది. 90 నిమిషాల క్యాసెట్లలో టేపు 60 నిమిషాల వాటికంటే పలుచగా ఉంటుంది కాబట్టి వాటిని పదేపదే ముందుకూ వెనక్కూ తిప్పకూడదు.

యూఎస్‌బీ వైరుతో నేరుగా కంప్యూటరుకు తగిలించే చవక ప్లేయర్లు చాలా దొరుకుతున్నాయి, కానీ వాటిలో వేగం నిలకడగా ఉండకపోవడం వల్ల పాట ఊగినట్లు వినిపిస్తుంది. బాగు చేయించిన పాత డెక్ (ఇంట్లో ఒకచోట పెట్టి వాడే పెద్ద క్యాసెట్ ప్లేయరు) ఒకటి సంపాదించడమే మేలు. దాని హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడిచి, ఆరిన తరువాతే క్యాసెట్ పెట్టాలి. డెక్ లైన్ ఔట్ (శబ్దం బయటికి వచ్చే రంధ్రం) నుంచి వచ్చే వైరును, లైన్ ఇన్ (శబ్దాన్ని లోపలికి తీసుకునే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అంటే శబ్దాన్ని కంప్యూటరుకు అందించే చిన్న పెట్టెకు, కలపాలి. ల్యాప్‌టాప్‌లోని మైకు రంధ్రం బలహీనమైన సంకేతం కోసం చేసినది కావడంతో, అందులో పెడితే శబ్దం పగిలిపోతుంది.

చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది. ఒక్కో టేపు రికార్డరులో హెడ్ ఒక్కో కోణంలో కూర్చొని ఉంటుంది కాబట్టి, ఒకదానిలో రికార్డయిన పాట మరొకదానిలో మూతి కప్పుకొని పాడినట్లు వినిపిస్తుంది. హెడ్ పక్కనే ఉండే చిన్న స్క్రూను, పాట నడుస్తుండగా అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పుతూ, తాళాల మోతా, పాటలోని ‘స’, ‘శ’ అక్షరాలూ అన్నిటికంటే తేటగా వినిపించే చోట ఆపాలి. ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ రాబట్టలేని స్పష్టత ఈ ఒక్క సవరణతో వస్తుంది.

రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు సరిపోతుంది. అందులో శబ్ద నాణ్యతకు 48,000 హెర్ట్జ్, 24 బిట్లు ఎంచుకొని, గొంతు బాగా పెరిగిన చోట కూడా తెరపై కనిపించే శబ్ద మట్టం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. క్యాసెట్ ఒక వైపు మొత్తాన్ని మధ్యలో ఆపకుండా రికార్డు చేసి వేవ్ (WAV) ఫైలుగా భద్రపరచాలి. గంట నిడివికి సుమారు 1 జీబీ అవుతుంది. ఈ ఫైలే మూలప్రతి, దీనిపై ఏ మార్పూ చేయకూడదు. దాని ప్రతులను రెండు వేర్వేరు డిస్కుల్లోనూ, మరో ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఒకటీ ఉంచాలి.

కొన్ని పాటలు సన్నని గొంతుతో, హడావిడిగా వినిపిస్తాయి. రికార్డు చేసిన రోజున రికార్డరులోని సెల్లుల (బ్యాటరీల) శక్తి తగ్గి టేపు నెమ్మదిగా తిరగడం దీనికి సాధారణ కారణం; అలాంటి టేపును ఇప్పుడు మామూలు వేగంతో తిప్పితే పాట వేగంగా నడుస్తుంది. ఆ పాటలో హార్మోనియం ఉండి, ఆ హార్మోనియం ఇంకా ఇంట్లోనే ఉంటే, దాని శ్రుతితో పోల్చి ఆడాసిటీలో వేగం సరిచేయవచ్చు. కరెంటు మీద రికార్డు చేసినవాటిలో మరో ఆధారం ఉంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని జోరీగ రొద కూడా 50 దగ్గరే ఉండాలి. టేపులోని రొద 52 దగ్గర కనిపిస్తే పాట సుమారు 4 శాతం వేగంగా నడుస్తోందని అర్థం. అయితే టేపు ఆపిన తరువాత కూడా వినిపించే రొద మన డెక్‌ది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. టేపు బుస తగ్గించే ఆడాసిటీ ఉపకరణాలను మాత్రం మూలప్రతి మీద కాక దాని నకలు మీదే, అదీ పొదుపుగా వాడాలి. గట్టిగా వాడితే బుసతో పాటు గొంతులోని గమకం కూడా మొద్దుబారుతుంది.

ఇక పంచుకోవడం. పాడినవారి అనుమతి మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా దాన్ని గుర్తిస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం గాయకుల ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది.  రచనకూ స్వరానికీ కర్తల మరణానంతరం 60 ఏళ్ల హక్కు విడిగా ఉంటుంది. అన్నమయ్య సాహిత్యం అందరిదీ అయినా, దానికి సంగీత విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కట్టిన వరుసలు అలా కావు. ఆయన 1979లో మరణించారు కాబట్టి ఆ హక్కు 2039 చివరి వరకు ఉంటుంది. తరతరాలుగా వస్తున్న, కర్తలెవరో తెలియని పెళ్లిపాటలకూ, జోలపాటలకూ సాధారణంగా ఈ చిక్కు ఉండదు. రేడియో నుంచి పట్టుకున్న సినిమా పాటలను మాత్రం ఇంట్లోనే ఉంచుకోవాలి.

అనుమతి దొరికిన తరువాత కూడా, ఇంటర్నెట్‌లో పెట్టబోయే ప్రతిని మొదటి నుంచి చివరి వరకు చెవులారా వినాలి. పాటకూ పాటకూ నడుమ ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, ఒకరి జబ్బు గురించిన మాటలు, అన్నదమ్ముల ఆస్తి తగాదాలు దొర్లి ఉంటాయి, వాటన్నిటినీ కోసివేయాలి. గొంతును అనుకరించి డబ్బు అడిగే మోసాలు జరుగుతున్న ఈ రోజుల్లో, జీవించి ఉన్నవారి పూర్తి పేరు, ఊరు, గొంతు మూడూ ఒకేచోట పెట్టకూడదు. పిల్లల గొంతులుంటే వారి వివరాలు అసలే రాయకూడదు.

బంధువులకు మాత్రమే వినిపించాలంటే యూట్యూబ్‌లో ప్రైవేట్ ఎంచుకొని వారి ఈమెయిళ్లు చేర్చాలి. అన్‌లిస్టెడ్ పెడితే లింకు చేతికొచ్చిన ఎవరైనా వినగలరు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా చేరుతుంది. ఇతరులు కూడా ఆ పాటను వాడుకోవచ్చని ముందే అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేము కాబట్టి, దాని గురించి పాడినవారికి విడిగా వివరించి ఒప్పుకుంటేనే ఇవ్వాలి. ఎవరు, ఏ పాటకు, ఏ తేదీన సరేనన్నారో ఒక ఫైలులో రాసి మూలప్రతుల పక్కనే ఉంచాలి. తరువాత వారిలో ఎవరైనా వద్దనుకుంటే కారణం అడగకుండా ఆ పాటను వెంటనే తీసివేయాలి.